ఎల్లెల్లార్ పరీక్షకు మన పిల్లలు సిద్ధమేనా?

కిందటి ఏడు వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం మా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న తెలుగు మీడియం బడుల్లో మాదీ ఒకటి. పదో తరగతి దాకా అక్కడే చదివి, ఐటీఐ పూర్తి చేసి, పద్దెనిమిది నిండగానే ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. వారం విడిచి వారం రాత్రి షిఫ్టు. ఆ వేళకు మా ఊళ్లకు బస్సు ఉండదు. ఇంట్లో బండి ఉంది, చేతిలో లైసెన్సు లేదు.

"ఎల్లెల్లార్‌లో ఫెయిలైతిని మేడం" అన్నాడు తల దించుకుని.

నాకు ఆశ్చర్యం వేసింది. తొమ్మిదో తరగతి నుంచే వాళ్ల నాన్న బండి నడుపుతున్నాడని ఊరంతా ఎరుగుదురు. అదే మాట అంటే, "బండి ఎక్కక ముందే ఫెయిలైతిని మేడం. కంప్యూటర్ దగ్గరే" అన్నాడు.

జరిగింది ఇది. పరీక్ష మొదట్లో ఏ భాషలో రాస్తావని తెర అడిగింది. వెనక నలుగురు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. ఇంగ్లీషు కాకుండా ఇంకోటి నొక్కితే నవ్వుతారేమోనని వీడు ఇంగ్లీషే నొక్కాడు. ప్రశ్న చదివి, మనసులో తెలుగులోకి తెచ్చుకుని, జవాబులు నాలుగూ చదివేలోగా సమయం అయిపోయేది. "దారి ఇవ్వు అని తెలుసు మేడం. ఎవరు ఎవరికి ఇయ్యాలని ఆలోచించేలోగా ఇంకో ప్రశ్న వచ్చేసె."

బయటికి వస్తే ఒకాయన భుజం మీద చెయ్యి వేశాడట. మూడున్నర వేలు ఇస్తే అంతా తాను చూసుకుంటానని, ఒక్క అక్షరం కూడా చదవనక్కర లేదని చెప్పాడట. వాడు నా దగ్గరికి వచ్చింది ఆ డబ్బు ఇవ్వాలా వద్దా అని అడగడానికి.

వద్దనడం తేలికే. కానీ వద్దని ఊరుకుంటే వాడి షిఫ్టు సంగతి ఏమిటి? పైగా నాకూ లైసెన్సు లేదు. నలభై మూడేళ్లు వచ్చినా బడికి బస్సులోనో, మావారి బండి వెనకనో వెళ్లేదాన్ని. "డబ్బు ఇవ్వకు. నేనూ రాస్తాను. కలిసి చదువుదాం" అన్నాను. ఆ రోజు నుంచి పది రోజుల పాటు మా బడి వరండాలో సాయంత్రం గంటసేపు ఇద్దరం కూర్చున్నాం. ఆ పది రోజుల్లో నేను తెలుసుకున్న సంగతులు మనలాంటి బడుల పిల్లలందరికీ, తల్లిదండ్రులకూ పనికొస్తాయని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు మన భాషలో నేర్చుకోవాలి

మన పిల్లలకు పదో తరగతి తర్వాత భాష మారిపోతుంది. కళాశాలలో ఒక భాష, ఆఫీసులో ఒక భాష. ఎల్లెల్లార్ కూడా అలాంటి గడపే. అయితే అందరూ అనుకున్నట్టు తెలుగు మీడియం చదువు దీనికి అడ్డు కాదు. విషయం తెలియకుండానే కొత్త భాషలో పరీక్షకు కూర్చోవడమే అడ్డు.

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. దాని కింద వచ్చిన కేంద్ర నియమాలు 1989 నాటివి. రోడ్డు మీద ఎలా నడపాలో చెప్పే నిబంధనలు 2017లో కొత్తగా వచ్చాయి. ఇవన్నీ దేశం మొత్తానికీ ఒకటే. హోసూరులో ఎడమ వైపు నడిపితే షోలాపూర్‌లోనూ ఎడమ వైపే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఎల్లెల్లార్ పరీక్ష తెలుగులో రాయవచ్చు కాబట్టి తెలుగు ప్రశ్నలూ జవాబులూ కావలసినన్ని దొరుకుతాయి. మన రాష్ట్రం వేరైనా వాటితో విషయం నేర్చుకోవచ్చు.

మేమిద్దరం అదే చేశాం. మొదటి ఐదు రోజులు తెలుగులోనే చదివాం. చదివామనే కంటే వాదించుకున్నాం అనాలి. కొండదారిలో రెండు బండ్లు ఎదురైతే ఎవరు ఆగాలి? దిగేవాడికి వేగం ఎక్కువ కాబట్టి వాణ్నే పోనివ్వాలని వీడంటాడు. కాదు, ఎక్కే బండికే దారి ఇవ్వాలి. ఎక్కేటప్పుడు మధ్యలో ఆపితే మళ్లీ కదిలించడం కష్టం, వెనక్కి జారే ప్రమాదం ఉంది. కాపలా లేని రైల్వే గేటు వస్తే? బండి ఆపి, తోడు ఎవరైనా ఉంటే వాళ్లు, లేకపోతే నడిపేవాడే దిగి పట్టాల దాకా నడిచి, రెండు వైపులా చూసి, రైలు రావడం లేదని రూఢి చేసుకున్నాకే దాటాలి. తెల్ల చేతికర్ర పట్టుకుని ఒక మనిషి రోడ్డు దాటుతుంటే? ఆ కర్రనే ఎర్ర దీపంగా భావించి ఆగాలి.

ఎందుకో తెలిసిన జవాబు మరచిపోం. ఏ భాషలో అడిగినా చెప్పగలం. వాడు రెండోసారి ఇంగ్లీషు జోలికి పోలేదు. బడిలో ఒక సబ్జెక్టుగా చదివిన తమిళంలోనే రాశాడు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత మన బడుల పిల్లలూ తమిళం చదువుతున్నారు కదా. కర్ణాటకలో కన్నడం, మహారాష్ట్రలో మరాఠీ, ఒడిశాలో ఒడియా కూడా అలాగే అక్కరకు వస్తాయి. పరీక్షలో ఏయే భాషలు ఇస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. దరఖాస్తు పెట్టే రోజునే ఆ సంగతి కనుక్కోవాలి. యానాంలో తెలుగు అధికార భాషల్లో ఒకటి కాబట్టి అక్కడి వాళ్లు ఆఫీసులో తెలుగులో అడగడానికి మొహమాట పడనక్కర లేదు.

ఆకారాన్ని చదవడం

పరీక్షలో చాలా ప్రశ్నలు రోడ్డు గుర్తుల మీదే ఉంటాయి. వీటికి భాష అక్కర లేదు. మూడు ఆకారాలు తెలిస్తే సగం పరీక్ష అయినట్టే.

గుండ్రంగా ఉంటే ఆజ్ఞ. చుట్టూ ఎర్ర అంచు ఉంటే సాధారణంగా ఏదో ఒకటి చేయవద్దనో, ఇంతకు మించవద్దనో చెబుతుంది. లోపలికి రావద్దు, ఓవర్‌టేక్ చేయవద్దు, హారన్ కొట్టవద్దు, ఇంత వేగం దాటవద్దు. నీలం రంగు వృత్తంలో తెల్ల బాణం ఉంటే అటే వెళ్లాలి. మొన పైకి ఉన్న త్రికోణమైతే హెచ్చరిక. ముందు మలుపు ఉంది, బడి ఉంది, రైల్వే గేటు ఉంది, జాగ్రత్త అని. నీలం రంగు దీర్ఘచతురస్రం సమాచారం ఇస్తుంది. ఆసుపత్రి, పెట్రోలు బంకు, పార్కింగ్ లాంటివి.

రెండు గుర్తులకు మాత్రం ప్రత్యేక ఆకారం ఇచ్చారు. ఆగు అనే గుర్తు ఎనిమిది భుజాలతో ఉంటుంది. దారి ఇవ్వు అనేది తలకిందులైన త్రికోణం. వెనక నుంచి చూసినా, దుమ్ము పట్టి అక్షరాలు చెరిగినా ఆకారాన్ని బట్టి అవేమిటో పోల్చుకోవచ్చు.

నేను పరీక్షలో తప్పు చేసింది ఈ గుర్తుల దగ్గరే. ఎర్ర అంచున్న నీలం వృత్తం మీద ఒక అడ్డగీత ఉంటే అక్కడ పార్కింగ్ వద్దని. రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటే అక్కడ బండి ఆపనే కూడదని. రెండూ ఒకటే అనుకుని తప్పు నొక్కాను. ఇరవై ఏళ్లుగా ఆ గుర్తుల పక్కనుంచే వెళుతున్నాను. ఒక్కసారీ చదవలేదు!

హోసూరు నుంచి బెంగళూరు వైపు 44వ జాతీయ రహదారి మీద వెళ్లేవాళ్లు అత్తిబెలె దగ్గర రాష్ట్రం దాటుతారు. అప్పటిదాకా తమిళంలో ఉన్న ఊరి పేర్లు అక్కడి నుంచి కన్నడంలో కనిపిస్తాయి. త్రికోణం మాత్రం ఇవతలా అవతలా అదే. ఒక రాష్ట్రంలో తీసుకున్న లైసెన్సు దేశమంతటా చెల్లుతుందంటే, ఈ గుర్తులు అన్నిచోట్లా ఒకటే కావడం వల్లనే అది సాధ్యం. అక్షరాలు మారే సరిహద్దుల్లో బతికే మనకు ఈ సంగతి మరొకరు చెప్పనక్కర లేదు.

వలదు అంటే వద్దు కాదు

ఆరో రోజు నుంచి మాటల పట్టీ వేసుకున్నాం. పరీక్షలో మళ్లీ మళ్లీ వచ్చే మాటలు ఇరవై ముప్ఫైకి మించవు. ఎడమ, కుడి, ఆగు, మలుపు, కూడలి, పాదచారి, వేగం, దూరం, అనుమతి, నిషేధం, ముందు, వెనక... ఇలాంటివే.

ఎడమతో చిక్కు లేదు. మనకు ఎడమ, కన్నడంలో ఎడ, తమిళంలో ఇడదు. కుడి దగ్గరే అంతా తికమక. తమిళంలో కుడి వైపును వలదు అంటారు. తెలుగు పద్యాలు చదివిన మన పిల్లలకు వలదు అంటే వద్దు అనే అర్థం. "వలదు పక్కం తిరుంబు" అన్న మాటను "తిరగవద్దు" అనుకుంటే ఏమవుతుందో చెప్పాలా? వీడు నవ్వాడు కానీ, మొదటిసారి తమిళంలో రాసి ఉంటే ఇక్కడే పొరపాటు పడేవాణ్నని ఒప్పుకున్నాడు.

అప్పుడు వాళ్ల తాత గుర్తొచ్చాడు. ఆయన కాడికి కట్టిన ఎద్దుల్ని దాపటెద్దు, వలపటెద్దు అని పిలిచేవాడు. దాపటిది ఎడమ, వలపటిది కుడి. తమిళుల వలదు, కన్నడిగుల బల, మన రైతుల వలపల ఒకే వేరు నుంచి పుట్టిన మాటలు. తాత మాట పట్టుకుంటే కొత్త మాట పరాయిది కాకుండా పోయింది. షోలాపూర్ పిల్లలకు మరాఠీలో కుడికి ఉజవా, ఎడమకు డావా అని, బరంపురం, రాయగడ పిల్లలకు ఒడియాలో డాహాణ, బామ అని ఇలాగే పట్టీ వేసుకోవచ్చు. ఒక కాగితం చాలు. అటు తెలుగు మాట, ఇటు పరీక్ష భాషలోని మాట.

నేను చేసిన తప్పు

ఎనిమిదో రోజున వయసు గురించిన ప్రశ్న వచ్చింది. గేర్లున్న బైకు నడపాలంటే ఎన్నేళ్లు నిండాలి? పద్దెనిమిది. వాడు జవాబు చెప్పి, కాసేపు ఆగి, మెల్లగా అన్నాడు.

"టెన్త్‌లో ఉన్నప్పుడు మీరే కదా మేడం నన్ను టౌన్‌కు పంపిస్తిరి, బండి మీద."

నాకు గుర్తుంది. ఆ రోజు నమూనా ప్రశ్నపత్రాలు జిరాక్సు తీయించాలి. మధ్యాహ్నం బస్సు పోయింది. వాడు నాన్న బండి వేసుకుని బడికి వచ్చాడని నాకు తెలుసు. పెట్రోలుకు వంద రూపాయలు ఇచ్చి పంపాను. హెల్మెట్ ఉందా అని కూడా అడగలేదు. లారీలు తిరిగే రోడ్డు మీద పదిహేనేళ్ల పిల్లవాడు వెళ్లి, గంటన్నరలో కాగితాలు తెచ్చాడు. "చాలా చురుకైనవాడు" అని స్టాఫ్ రూములో మెచ్చుకున్నాను. ఏమీ జరగలేదు. జరగలేదు కాబట్టే మరచిపోయాను.

ఆ రోజు ఎవరైనా వాణ్ని ఆపి ఉంటే ఏం జరిగేదో ఇప్పుడు చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి.

చట్టానికి 2019లో చేసిన సవరణతో 199ఎ అనే సెక్షన్ వచ్చింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే అతని సంరక్షకులనో, బండి యజమానినో దోషులుగా చూస్తారు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలల పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు గానీ ఎల్లెల్లార్ గానీ ఇవ్వరు. తమకు తెలియకుండా జరిగిందని, లేదా ఆపడానికి తగిన ప్రయత్నం చేశామని పెద్దవాళ్లే రుజువు చేసుకోవాలి.

లెక్క వేసి చూడండి. ఆ రోజు పట్టుబడి ఉంటే వాళ్ల నాన్న మీద కేసు పడేది. నా వంద రూపాయల పనికి ఆయన కోర్టుకు తిరగాల్సి వచ్చేది. పద్దెనిమిదికి వచ్చిన ఈ ఉద్యోగం రాత్రి షిఫ్టు వల్ల చేజారేది, ఎందుకంటే ఇంకో ఏడేళ్లు లైసెన్సు ఉండదు. ప్రమాదమే జరిగి ఉంటే ఈ లెక్కలన్నీ చిన్నవైపోయేవి. మా ఊళ్లలో అలాంటి ఇళ్లు ఉన్నాయి. ఏ ఇల్లో మా బడిలో అందరికీ తెలుసు.

వాడికి క్షమాపణ చెప్పాను. "వదిలేయండి మేడం" అన్నాడు. నేను వదిలేయలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

పదహారు నిండితే చాలని కొందరు అంటారు. ఆ మాట 50 సీసీకి మించని బండ్లకే వర్తిస్తుంది. దానికీ పెద్దవాళ్ల అంగీకారంతో ఎల్లెల్లార్ తీసుకోవాలి. మన ఇళ్లలో ఉన్న స్కూటర్లూ బైకులూ దాదాపు అన్నీ 100 సీసీ పైబడినవే. గేర్లు లేకపోయినా సరే, వాటికి పద్దెనిమిది నిండాల్సిందే. కరెంటు బండ్ల విషయంలో కూడా పొరపాటు పడవద్దు. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికే లైసెన్సు అక్కర లేదు. అంతకు మించితే అది మోటారు వాహనమే.

ఇన్సూరెన్సు ఉంది కదా అనే ధీమా కూడా చెల్లదు. లైసెన్సు లేనివారి చేతిలో బండి ప్రమాదం చేస్తే, కంపెనీ బాధితులకు డబ్బు చెల్లించి, ఆ మొత్తాన్ని బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అంటే పొలమో, ఇల్లో అమ్ముకోవలసి రావచ్చు.

మెట్టు మెట్టుగా

దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ సారథి వెబ్‌సైటులో పెట్టుకోవచ్చు. వయసుకూ చిరునామాకూ ఆధారాలు, ఫోటో కావాలి. ఒంట్లో ఫలానా లోపాలు లేవని ఫారం 1 మీద మనమే రాసివ్వాలి. నలభై దాటిన వాళ్లు డాక్టరు సంతకంతో ఫారం 1ఎ ఇవ్వాలి. నేను ఇచ్చాను. డాక్టరు కళ్లు చూసి, దూరపు చూపుకు అద్దాలు రాసిచ్చారు. ఆ అద్దాలు లేకుండా అన్నాళ్లు నల్లబల్ల మీద ఏం రాశానో!

కేంద్ర నియమాల ప్రకారం ఎల్లెల్లార్‌కు ఒక్కో రకం బండికి 150 రూపాయలు, పరీక్షకు 50. ఆ తర్వాత డ్రైవింగ్ పరీక్షకు 300, లైసెన్సుకు 200. మొత్తం 700. రాష్ట్రాలు కార్డుకూ సేవలకూ ఇంకొంత తీసుకుంటాయి. బయట ఆ పెద్దమనిషి అడిగిన మూడున్నర వేలతో పోల్చి చూసుకోండి.

పరీక్షలో ఎన్ని ప్రశ్నలనేది రాష్ట్రాన్ని బట్టి ఉన్నా, నూటికి అరవై వంతులు సరిగా రాస్తే పాస్. 2021 నుంచి ఆధార్ సాయంతో ఇంటి దగ్గరి నుంచే ఈ పరీక్ష రాసే వీలు కూడా కల్పించారు. మంచి సదుపాయమే. కానీ నెట్ సెంటరులో ఎవరో పక్కన కూర్చుని జవాబులు నొక్కిపెట్టే ప్రమాదమూ ఇందులో ఉంది. మీ పిల్లలు ఇంట్లో రాస్తుంటే మీరు పక్కన కూర్చోండి, చెయ్యి మాత్రం పెట్టకండి. అరవై వచ్చిందా అన్నది ఆఫీసుకు ముఖ్యం. తప్పిపోయిన నలభై ఏమిటన్నది మీకు ముఖ్యం.

ఎల్లెల్లార్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్షకు వెళ్లాలి. ఈ మధ్య కాలం నేర్చుకోవడానికి. బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. కారు నేర్చుకునేవారి పక్కన లైసెన్సు ఉన్న మనిషి, బండిని ఆపగలిగేలా కూర్చుని ఉండాలి. బైకు మీదైతే నేర్పే మనిషిని తప్ప ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు. ఎల్లెల్లార్ రాగానే చెల్లెలిని కాలేజీ దగ్గర దింపిరావడం, స్నేహితులిద్దరిని వెనకేసుకుని తిరగడం తప్పు.

ఎనిమిది అంకె నేర్పిన పాఠం

వాడు ఎల్లెల్లార్ పాసయ్యాడు, నేనూ పాసయ్యాను. నెల దాటాక డ్రైవింగ్ పరీక్ష. నేల మీద గీసిన ఎనిమిది అంకె మీద కాలు కింద పెట్టకుండా నడపాలి. వాడు మొదటి మలుపులోనే కాలు పెట్టాడు. మూడేళ్లకు పైగా నడిపిన అనుభవం ఏమైంది?

అక్కడున్న అధికారి వాడికి చెప్పిన మాట నేనూ విన్నాను. వేగంగా నడపడం ఎవరికైనా వస్తుందని, నెమ్మదిగా నడపడమే నేర్చుకోవాలని. ఎవరూ నేర్పకుండా వాడు నేర్చుకున్న బండి అది. మలుపులో క్లచ్ నొక్కి వదిలేయడం, ఇండికేటర్ వేయకపోవడం, అద్దాలు లోపలికి తిప్పేసి పెట్టడం అన్నీ చిన్నప్పటి అలవాట్లే. కొత్తగా నేర్చుకున్న నాకు విప్పుకోవలసిన అలవాట్లు లేవు. నేను మెల్లగా, బిక్కుబిక్కుమంటూ, కాలు పెట్టకుండా ఎనిమిది పూర్తి చేశాను. అక్షరాలు తప్పుగా దిద్దినవాడికి మళ్లీ నేర్పడం, అసలు దిద్దనివాడికి నేర్పడం కంటే కష్టమని ఒకటో తరగతి టీచర్లకు తెలుసు. ఇదీ అంతే.

పరీక్షలో తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. వాడు వారం రోజులూ మా బడి ఆటస్థలంలో సున్నంతో ఎనిమిది గీసుకుని, మొదటి గేరులో, వెనక బ్రేకు మీద కాలు ఆనించి అభ్యాసం చేశాడు. రెండోసారి పాసయ్యాడు.

బడిలో ఏం చేయవచ్చు

దీనికి కొత్త పీరియడు అక్కర లేదు. ఉన్న పాఠాల్లోనే కలపవచ్చు.

ఆరు, ఏడు తరగతుల్లో ఆకారాల పాఠం చెప్పేటప్పుడు వృత్తం, త్రికోణం, అష్టభుజి పక్కన రోడ్డు గుర్తులు గీయించండి. ఇంటి నుంచి బడి దాకా ఎన్ని గుర్తులు కనిపించాయో రాసుకు రమ్మనండి. భాషా పాఠంలో ఆ ఇరవై ముప్ఫై మాటల పట్టీని రెండు భాషల్లో తయారు చేయించండి. తెలుగు టీచరూ రాష్ట్ర భాష టీచరూ కలిసి చేస్తే ఇంకా మేలు. తొమ్మిది, పది తరగతుల గణితంలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో ఎన్ని మీటర్లు పోతుందో లెక్క చేయించండి. దాదాపు 17 మీటర్లు. పిల్లలు దాన్ని వరండాలో కొలిచి చూస్తే, ఫోను వైపు ఒక్క క్షణం చూడడమంటే ఏమిటో మన ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది.

ప్రమాదం జరిగితే ఏం చేయాలో కూడా చెప్పాలి. నడిపినవాడు పారిపోకూడదు. దెబ్బ తగిలినవారిని ఆసుపత్రికి చేర్చాలి, 24 గంటల్లోపు పోలీసులకు తెలపాలి. దారిన పోతూ సాయం చేసినవారిని కేసుల పేరుతో వేధించకుండా 2019 సవరణ రక్షణ ఇచ్చింది. భయపడి పక్కకు తప్పుకునే పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

అన్నిటికంటే ముందు, బడి ఆవరణలోకి పిల్లలు నడిపే బండ్లను రానివ్వకూడదు. మా బడిలో ఈ ఏడు తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట పెట్టాం. ఒక తండ్రి లేచి, "సాయంత్రం బస్సు లేకపోతే పిల్లోడు ఎట్ల రావాలి మేడం?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. బస్సు వేళ మార్చమని అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. అప్పటిదాకా స్పెషల్ క్లాసులు సాయంత్రం మానేసి పొద్దున పెడుతున్నాం. ఒక గంట ముందు లేవాలి, టీచర్లకూ కష్టమే. కానీ బస్సు లేని వేళకు క్లాసు పెట్టి, బండి మీద రావద్దంటే అది మాటగానే మిగిలిపోతుంది.

లైసెన్సు వచ్చిన రోజు వాడు కార్డు తెచ్చి చూపించాడు. ముప్ఫై లోపు తీసుకున్నాడు కాబట్టి నలభయ్యో ఏడు వచ్చేదాకా చెల్లుతుంది. రాత్రి షిఫ్టుకు హెల్మెట్ పెట్టుకుని వెళుతున్నాడు.

వాళ్ల తమ్ముడు ఇప్పుడు మా బడిలోనే తొమ్మిదో తరగతి. మొన్న వాణ్ని, "ఏరా, అన్న బండి ఇస్తాడా?" అని అడిగాను.

"ఇయ్యడు మేడం" అన్నాడు మూతి ముడుచుకుని. "తాళం జేబులో పెట్టుకునే నిద్రపోతాడు."